అసలు ఫొటో ఎవరి దగ్గరుంది?

నందిగామలో పొద్దున్నే ఎక్కిన బస్సు చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రహదారిని వదిలేసి జగ్గయ్యపేట వైపు తిరుగుతుంది. శ్రావణం చివరి రోజులు. రాత్రి కురిసిన వానకు పత్తి చేలు కడిగినట్టున్నాయి. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనబడుతోంది. నా చొక్కా జేబులో ఫోను, ఆ ఫోనులో ఒక రాతి శిల్పం ఫొటో. దాన్ని గోడకు తగిలించేంత పెద్దగా అచ్చు వేయించి మా బడి గ్రంథాలయానికి ఇస్తానని పిల్లలకు మాటిచ్చాను. నందిగామలో స్టూడియోలు లేక కాదు. ఆ శిల్పం పుట్టిల్లు జగ్గయ్యపేట. పైగా ఇక్కడి స్టూడియో ఆయనకు ఫొటో అంటే ప్రాణం. తప్పుంటే మొహం మీదే చెబుతాడు.

స్టూడియో మెట్లెక్కుతుంటే పౌడరు వాసన. గోడకు అద్దం, దానికి దారంతో కట్టిన దువ్వెన, తెల్ల గొడుగు లైటు, వెనక నీలం తెర. ఎదురు గోడ నిండా ఒకే ఫొటో: పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలు రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేటకు వస్తున్న ఊరేగింపు. విగ్రహాలు మధ్యలో చిన్నగా ఉన్నాయి. వాటి చుట్టూ జనం, మేడల మీద జనం, కరెంటు తీగలు, ఎవరి భుజం మీదో నిద్రపోతున్న పిల్ల. "అమ్మవారిని దగ్గరగా తియ్యొచ్చు కదన్నా?" అని ఒకసారి అడిగాను. "దగ్గరిది ఇందులోనే ఉంది మాస్టారూ, కావాల్సినప్పుడు తీసుకుంటా. ఈ జనం మాత్రం మళ్లీ దొరకరు" అన్నాడు. ఆ మాటలోని లోతు నాకు ఈరోజు దాకా అందలేదు.

కంప్యూటరు ముందు ఒక కుర్రాడు దిగులుగా నిలబడి ఉన్నాడు. బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెడుతున్నాడు. ఫొటో 200 పిక్సెళ్ల వెడల్పు, 230 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. బరువు 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలి. ఫోనులో తీసుకున్న సెల్ఫీని తనే ఆ కొలతకు తెచ్చాడు. సైటు తీసుకుంది గానీ, తెర మీద మొహం చూస్తే ఎవరో పక్కింటి బొద్దు కుర్రాడిలా ఉంది.

"నువ్వు దీన్ని కత్తిరించలేదు, నొక్కావు" అంటాడు స్టూడియో ఆయన. "నీ ఫొటో పొడుగు ఎక్కువున్నది. వీళ్లడిగింది కాస్త చదరంగా ఉంటుంది. వెడల్పు గడిలో ఒక అంకె, ఎత్తు గడిలో ఒక అంకె కొట్టేశావు. రెంటి మధ్య గొలుసు గుర్తుంటుంది చూడు, అది తీసేసి కొట్టావు. అందుకే బుగ్గలు సాగినై."

కుర్రాణ్ణి నీలం తెర ముందు కూర్చోబెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుని రెండు ఫొటోలు తీస్తాడు. తెర మీదికి వచ్చిన ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 6000 ఎత్తు. అంటే రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక్కో రంగు. దాని మీద పెట్టె గీస్తాడు: తల పైన కాస్త జాగా, కింద భుజాలు, అటూ ఇటూ సమానం. 2000 కి 2300. ఎంటర్ నొక్కగానే తెర అంచులూ లైటు గొడుగు నీడా మాయమవుతాయి. కుర్రాడి మొహంలో మాత్రం ఒక్క చుక్కా మారదు. ఇది క్రాప్. తర్వాత గొలుసు గుర్తు బిగించి 200 కొడతాడు. ఎత్తు దానంతటదే 230 అవుతుంది. ఇది రీసైజ్. ఇప్పుడు కుర్రాడంతా ఉన్నాడు, చెవి తమ్మె నుంచి కాలరు దాకా. అయితే ప్రతి వంద చుక్కలూ కలిసి ఒక్క చుక్క అయ్యాయి. కనుబొమ్మలో విడివిడిగా కనబడిన వెంట్రుకలు ఇప్పుడు ఒక నల్లటి గీత.

నా వైపు తిరుగుతాడు. "బడిలో పిల్లలకు ఇట్టా చెప్పండి మాస్టారూ. ఊరి పటం ఉందనుకోండి. మన సర్వే నంబరున్న ముక్క వరకు కత్తెరతో కత్తిరించుకుంటే అది క్రాప్. ఆ ముక్కలో గట్లు, బావి అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటై. పక్కవాడి పొలం మాత్రం పోతుంది. పటమంతా చిన్న కాగితం మీద జెరాక్సు తీస్తే అది రీసైజ్. ఊరంతా ఉంటుంది, బావి కనబడదు."

"ఆ చిన్న జెరాక్సును మళ్లీ పెద్దగా తీయిస్తే?"

"గట్లు లావవుతై. కనబడకుండా పోయిన బావి మాత్రం తిరిగి రాదు."

క్రాప్‌కూ రీసైజ్‌కూ ఇంతకంటే మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదు. ఫొటోను పెద్దది చేసినప్పుడు కంప్యూటరు కొత్తగా చూసేదేమీ ఉండదు. ఉన్న రెండు చుక్కల మధ్య ఇంకో చుక్క పెట్టాలి. పక్కనున్న నాలుగింటినో పదహారింటినో చూసి, వాటి మధ్యస్థంగా ఏ రంగు ఉండొచ్చో లెక్కగట్టి పెడుతుంది. నునుపుగా కనబడేది ఆ లెక్క వల్లే, మైనం పూసినట్టుండేదీ ఆ లెక్క వల్లే.

నా వంతు వచ్చింది. ఫోను ఇస్తాను. తెర మీద చక్రవర్తి ప్రత్యక్షమవుతాడు.

జగ్గయ్యపేట స్తూపం రాయి ఇది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదని చెబుతారు. మాంధాత చక్రవర్తి మధ్యలో సన్నగా, పొడవుగా నిలబడి ఒక చేయి మబ్బుల్లోకి ఎత్తాడు. మబ్బుల్లోంచి నలుపలకల నాణేలు వానలా రాలుతున్నాయి. నెత్తిన గొడుగు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, మరో ఇద్దరు. అవి చక్రవర్తికి ఉండే ఏడు రత్నాలు. 1882లో జేమ్స్ బర్జెస్ ఈ స్తూపాన్ని సర్వే చేశాడు. రాయి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కిందటేడు అక్కడ దాని ముందు నిలబడి, జనం తగ్గేదాకా ఆగి, తెర మీద రెండు వేళ్లు విప్పి, చక్రవర్తిని దగ్గరికి లాక్కుని తీసిన ఫొటో ఇది. అప్పుడు ఎంత మురిసిపోయానో!

"ఎంత సైజు కావాలి?"

"12 కి 16 అంగుళాలు."

నాణేల దగ్గరికి వెళ్లి పూర్తి సైజులో తెరుస్తాడు. నాణేలు కరిగిన బెల్లం ముక్కల్లా ఉన్నాయి. పలక అంచులు లేవు.

"వేళ్లతో లాగి తీశారా?"

తలూపుతాను. "నా ఫోనులో దూరానికి వేరే లెన్సు లేదన్నా."

"మరి వేళ్లతో లాగితే ఫోను చేసిందేంది? మధ్యలో ముక్క కత్తిరించింది, దాన్ని సాగదీసి మళ్లీ పాత కొలతకు తెచ్చింది. రెండు పనులూ ఒకేసారి, మీకు చెప్పకుండా. ఫైలు చూస్తే 3000 కి 4000. అందులో ఫోను నిజంగా చూసింది 1500 కి 2000. నాలుగు చుక్కల్లో మూడు కల్పించి పెట్టినవే."

ఆయన వేలు తెర పైఅంచు మీద ఆగుతుంది. అక్కడ రాజు గొడుగు అంచు తెగింది. నేను దగ్గరికి లాగినప్పుడే అది పోయింది. ఇంటికొచ్చి కత్తిరించి ఉంటే చెరిపి మళ్లీ చేసుకునేవాణ్ణి. తీసేటప్పుడే కత్తిరించినదాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోను?

"12 కి 16 వేస్తే అంగుళానికి నిజమైన చుక్కలు నూటపాతికే వస్తై, పగిలిపోతుంది. 6 కి 8 అయితే ధైర్యంగా ఇస్తా. గొడుగు కావాలంటే మాత్రం మీరు మళ్లీ చెన్నై పోవాల్సిందే."

బాధగా ఉంది గానీ కోపం లేదు. ఈ మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. అరవై దాటిన ఆవిడ, వెనక పాతికేళ్ల కొడుకు. ఆవిడ నుదుట బొట్టు లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా కొడుకు చేతిలోని ఫోను లాక్కుని స్టూడియో ఆయన ముందు పెడుతుంది.

"తమ్ముడూ, మీ బావగారి సంవత్సరీకం వస్తోంది. దండ వేసే ఫొటో కట్టించాలి. ఇదొక్కటే ఉంది."

పెనుగంచిప్రోలు వాళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంట్లో నీళ్లు నిలిచాయి. పెట్టెలో ఉన్న పెళ్లి ఆల్బం, ఇంకో రెండు ఆల్బంలు, గోడకున్న ఫ్రేములు అన్నీ బురదపాలయ్యాయి. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే రంగు ఊడొచ్చింది. ఆయన మరికొన్ని నెలలకు పోయాడు. మిగిలింది ఎవరో బంధువు వాట్సాప్ గ్రూపులో పెట్టిన పెళ్లి ఫొటో. పందిట్లో ఇరవై మంది వరసగా నిలబడ్డారు. ముందు కుర్చీలో ఆయన, ఒళ్లో మనవడు, పక్కన ఈవిడ.

స్టూడియో ఆయన కొలుస్తాడు. ఫొటో 1600 కి 1200. పెద్దాయన మొహం వెడల్పు 120 పిక్సెళ్లు, ఎత్తు ఓ 150.

నేను మనసులో గుణిస్తాను: పద్దెనిమిది వేల చుక్కలు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు మొదటిసారి ఒక ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాడు. అది మూడు నెలల వయసున్న ఆయన కొడుకు బొమ్మ. 176 కి 176, అంటే ముప్పై ఒక్క వేల చుక్కలకు కాస్త తక్కువ. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత, పెనుగంచిప్రోలు పెద్దాయన మొహానికి మిగిలింది ఆ పసివాడి బొమ్మలో ఉన్నన్ని చుక్కలు కూడా కాదు.

"8 కి 10 అంగుళాలు కావాలి" అంటాడు కొడుకు. "గోడ మీద దూరం నుంచి కనబడాలి. ఫోనులో పెద్దది చేసే యాప్ ఉందంట, అందులో వేసి చూశా."

చూపిస్తాడు. మొహం మెరిసిపోతోంది. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఆవిడ ఒక్క క్షణం చూసి ఫోను పక్కకు నెట్టేస్తుంది.

"ఆ కళ్లు ఆయనవి కావురా."

గదిలో ఫ్యాను చప్పుడే మిగులుతుంది. యాప్ లక్షల మొహాలు చూసి నేర్చుకున్న కళ్లను ఈ మొహంలో పెట్టింది. అందమైన కళ్లే. నలభై ఏళ్లు ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించిన మనిషికి తేడా తెలియదా?

స్టూడియో ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. "అక్కా, ఒక్కటి చెప్పు. అసలు ఫొటో ఎవరి దగ్గరుంది?"

"ఇదే అసలు."

"కాదు. ఇది వాట్సాప్‌లో వచ్చింది. పంపేటప్పుడే అది చిన్నది చేస్తుంది. ఎవరి ఫోనుతో తీశారో వాళ్ల దగ్గర పెద్దది ఉంటుంది."

తల్లీ కొడుకులు మొహమొహాలు చూసుకుంటారు. ఎవరు తీశారు? ఫొటోలో లేనివాళ్లెవరు? కొడుకు ఒక్కొక్క మొహాన్నీ వేలితో దాటుకుంటూ వెళ్తాడు. పెద్దమ్మ, చిన్నాన్న, నందిగామ అత్తయ్య... "బావ లేడు" అంటాడు. "నందిగామ బావ. తీసింది వాడే."

ఫోను మోగుతుంది. అవతల గొంతు పొలంలోంచి వస్తున్నట్టుంది. స్టూడియో ఆయనే అందుకుంటాడు. "బాబూ, ఆ ఫొటో నీ గ్యాలరీలో ఉందా? ఫొటోగా పంపొద్దు. పిన్ను గుర్తు నొక్కి డాక్యుమెంటు అని ఉంటుంది, అందులో పంపు. కత్తిరించొద్దు, రంగులు మార్చొద్దు. తీసింది తీసినట్టే పంపు."

నాలుగు నిమిషాలు ఎవరం మాట్లాడం. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటుంది. తర్వాత టింగుమని చప్పుడు.

4000 కి 3000.

స్టూడియో ఆయన రెండు ఫొటోలనూ పక్కపక్కన పెడతాడు. మొహం ఇప్పుడు 300 పిక్సెళ్ల వెడల్పు. ఎడమ కనుబొమ్మలో ఒక చిన్న గాటు కనబడుతోంది. పాత ఫొటోలో అక్కడ ఒట్టి మసక.

"చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడ్డారంట" అంటుంది ఆవిడ. ఇప్పుడు కుర్చీలో కూర్చుంది.

ఇక అసలు నిర్ణయం. మొహం, భుజాలు వచ్చేట్టు 4 కి 5 పాళ్లలో పెట్టె గీస్తే 900 కి 1125 పిక్సెళ్లు వచ్చాయి. 8 కి 10 అంగుళాలు వేస్తే అంగుళానికి నూట పన్నెండు చుక్కలు. మెత్తబడుతుంది. పెట్టెను వెడల్పు చేసి పక్కన కూర్చున్న ఈవిడనూ ఒళ్లో మనవణ్ణీ కలుపుకుంటే 2000 కి 1600 వస్తుంది, అంగుళానికి 200 చుక్కలు, గోడకు చక్కగా సరిపోతుంది. అయితే అది దండ వేసే ఫొటో. బతికున్నవాళ్లున్న బొమ్మకు దండ వేయరు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆయన గీసిన వెడల్పు పెట్టెను తనే చెరిపేశాడు.

క్రాప్ అంటే అంచులు కోయడమే అనుకుంటాం. ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అన్న తీర్పు అది. ఎర్రజెండా ఎగిరే మన ఊళ్లన్నిట్లో గోడల మీద కనబడే చేగువేరా బొమ్మ కూడా అలాంటి తీర్పే. 1960లో హవానాలో అల్బెర్టో కోర్దా తీసిన ఆ ఫొటోలో ఒక పక్క ఇంకో మనిషి, మరో పక్క తాటిజాతి చెట్టు ఆకులు ఉన్నాయి. అవి తీసేశాకే ఆ చూపు ప్రపంచమంతా తిరిగింది. కోర్దా కత్తిరించిన ముక్కలో ఒక్క చుక్కా అబద్ధం కాదు. అయినా అతని పక్కన ఎవరున్నారో తెలియాలంటే పూర్తి నెగటివ్ ఉండి తీరాలి.

"అక్కా, 4 కి 5 అంగుళాలు వేస్తా. అంగుళానికి 225 చుక్కలొస్తై, గాటు కూడా కనబడుతుంది. చుట్టూ తెల్ల బోర్డరు వదిలి 8 కి 10 ఫ్రేములో బిగిస్తా. ఫ్రేము నీ గోడకు సరిపోతుంది, మొహం బావగారిదే ఉంటుంది."

కొడుకు ఏదో అనబోతాడు. "చిన్నదైనా సరే, ఆయనే కావాలి" అంటుంది ఆవిడ. మళ్లీ కాసేపాగి, "మరి మేమంతా ఉన్నదో?"

"అది కూడా వేస్తా. 6 కి 8. పాళ్లు సరిగ్గా కుదురుతై, ఎవరి తలా ఎవరి కాళ్లూ తెగవు. 4 కి 6 వేయిస్తే పైనా కిందా కొంత పోతుంది." తెర మీద 4000ను 2400 చేస్తాడు. ఇరవై మందీ కాస్త కాస్త తగ్గి, అందరూ మిగులుతారు. "ఇది గోడకొద్దు. బీరువాలో పెట్టుకో."

వాళ్లు మెట్లు దిగబోతుంటే కొడుకును వెనక్కి పిలుస్తాడు. "అసలు ఫొటో ఒక్క ఫోనులోనే ఉంచొద్దు నాయనా. పెన్ డ్రైవులో ఒకటి, నందిగామలో ఒకటి, ఇంకెక్కడైనా ఒకటి. మునేరు మళ్లీ రాదని రాసిచ్చేవాళ్లు లేరు. కత్తిరించినా, చిన్నది చేసినా నకలు మీద చెయ్యి. అసలు జోలికి పోవద్దు."

నా 6 కి 8 చక్రవర్తిని అట్టలో చుట్టించుకుని, స్తూపం ఉన్న ధనంబోడు కొండ వైపు నడుస్తాను. ఊరి పేరు బేతవోలుగా ఉన్నప్పుడే ఈ కొండ మీద స్తూపం పాతబడిపోయి ఉంటుంది. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు ఊరికి పెట్టింది తర్వాతి మాట. ఎండ పలచబడింది. కొండ మీద రాళ్లూ ఇటుకలూ తుప్పలూ, కిందికి చూస్తే డాబాలూ నీళ్ల ట్యాంకులూ.

మధ్యాహ్నం నుంచి మనసులో తిరుగుతున్న ఆలోచన ఇక్కడ కుదురుకుంటుంది. ఈ కొండకూ రెండూ జరిగాయి. బొమ్మలున్న రాళ్లను మ్యూజియంకు తరలించడం క్రాప్. చెన్నైలో ఉన్నది అసలు రాయే, ఉలి దెబ్బతో సహా. దాని చుట్టూ ఈ కొండ మాత్రం లేదు. బర్జెస్ 1887లో అచ్చు వేయించిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల పుస్తకం రీసైజ్. శిల్పాలు, శాసనాలు, కొలతలు అన్నీ ఒకచోట ఉన్నాయి, పేజీలో పట్టేంత చిన్నగా. రెండూ అవసరమే. ఏ ఒక్కటీ ఈ కొండ కాదు.

ఇక్కడ దొరికిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి శాసనం ఉంది. స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టిన సిద్ధార్థుడనే శిల్పి చెక్కించుకున్నది. అందులో తన పేరొక్కటే పెట్టి ఊరుకోలేదు. తండ్రి పేరు, తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుడు, సోదరుడి భార్య, వాళ్ల పిల్లలు, అందరినీ వరసగా చెక్కించాడు. రాతి మీద అక్షరం ఎంత కష్టమో తెలిసిన మనిషి, ఒక్కరినీ తీసేయలేదు. ఆ పందిట్లో ఇరవై మంది గుర్తొచ్చారు.

ఫోను తీస్తాను. అలవాటుగా రెండు వేళ్లు తెర మీదికి పోతాయి. వెనక్కి తీసుకుంటాను. బదులుగా పది అడుగులు వెనక్కి నడుస్తాను. రాళ్లు, తుప్ప, దాని మీద ఆరేసిన ఎవరిదో కండువా, కింద జగ్గయ్యపేట డాబాలు, ఆ పైన మబ్బు, అన్నీ తెరలోకి వచ్చేదాకా నడిచి, అప్పుడు నొక్కుతాను.